పిడికిలి ఎత్తితే రమ్మని

"తీశాను. అయితే ఏంటిప్పుడు? నా చేత్తో చెక్కాను, నా చేత్తో పీకాను. పోలీసుల్ని పిలుస్తావా?"

లవోన్ కుచెరా తలెత్తకుండానే అంది. ఆమె ఒళ్లో మూరెడు పొడవు పైన్ పలక. దాని మీది అక్షరాలు సగం మిగిలాయి, సగం కుర్చీ కింద పొట్టయి పడి ఉన్నాయి. ఉలి ఆగడం లేదు.

వెండెల్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. టీటన్ కొండల కింద, సరస్సు ఒడ్డున ఉన్న ఆ క్యాంపుగ్రౌండును ఈ వేసవి నుంచే అతను కనిపెట్టుకుని ఉంటున్నాడు. అంతకుముందు ఏడు వేసవులు వేరే చోట్ల. జీతమంటూ లేదు. బండి వెనక లాక్కెళ్లే చిన్న ఇల్లులాంటి తన ట్రైలరు నిలుపుకోవడానికి చోటు, నీళ్లు, కరెంటు ఉచితం. అందుకు బదులుగా పొయ్యిల్లో బూడిద ఎత్తాలి, తిండి బయట వదిలేసి ఎలుగుబంట్లకు కబురు పెట్టేవాళ్లను కేకలెయ్యాలి, ఇలాంటి తగువులు తీర్చాలి. ఈ పొద్దున నలభై ఒకటో సైటు నుంచి ఫిర్యాదు వచ్చింది. ట్రైలరు ముందు పాతుకున్న పేరు పలకను ఎవరో ఎత్తుకుపోయారట.

"పోలీసులెందుకమ్మా? వాళ్లు అడగమన్నారు, అడుగుతున్నా. 'డ్వేన్, కార్లా ఈవర్సన్, కెర్నీ, నెబ్రాస్కా' అని ఉంటుందట."

"ఉండేది. పలక మీంచి డ్వేన్ పోయాడు. ఇప్పుడు కార్లా మీదున్నాను. కూర్చో. కాఫీ ఉంది, చక్కెర లేదు."

వెండెల్ కూర్చున్నాడు. అతనికి తెలిసిన విద్య అదొక్కటే. నిలబడి అడిగితే మనుషులు జవాబు చెబుతారు, కూర్చుంటే కథ చెబుతారు. పదిహేడో సైటు ఎవరూ కోరుకోని చోటు. మరుగుదొడ్ల పక్కన, దారి ఆగిపోయే మూల. రెండు రోజుల కిందట ఈ డెబ్భై నాలుగేళ్ల మనిషి పికప్పు వెనక ట్రైలరు తగిలించుకుని ఒక్కతే వచ్చి, ఆ మూలలోకి ముందుకే దూర్చి ఆపేసినప్పుడే అతనికి వింతగా అనిపించింది. అందరూ వెనక్కి తోలి పెట్టుకుంటారు, పోయేటప్పుడు సుఖమని.

"వాళ్లు మీకు ముందే తెలుసా?"

"తెలుసా అంటే?" లవోన్ నవ్వింది. ఆ నవ్వులో తడి లేదు. "పంతొమ్మిది వేసవులు అబ్బాయ్. నలభై ఒకటి వాళ్లది, నలభై రెండు మాది. పది రోజులు ఈ కొండల్లో, ఆ తర్వాత ఏదో ఒక పట్నం. డెన్వరు, సాల్ట్ లేక్, ఒకసారి సియాటిల్. ఊరి బయట ట్రైలర్లు ఆపి, నలుగురం సిటీ బస్సెక్కేవాళ్లం. కార్లాకి దుకాణాలు. డ్వేన్‌కి విగ్రహాల కింద రాసిన పేర్లు చదవడం. నాకు బస్సు."

"బస్సా?"

"ఇరవై ఎనిమిదేళ్లు స్కూలు బస్సు తోలాను. మంచులో, గాలివానలో. ఒక్క పిల్లకీ గీరు కూడా పడలేదు. ఆ ఒక్కరోజు డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, 'ఇప్పుడు నన్ను తోలండ్రా' అనుకునేదాన్ని. వాడు బ్రేకు గట్టిగా వేస్తే తిట్టుకోవడం అదో సరదా. ఎల్డన్‌కి నా తిట్లు వినపడవు కానీ నా పెదాలు చూసి నవ్వేవాడు."

ఎల్డన్ ఆమె భర్త. ధాన్యం గోదాములో నలభై ఏళ్లు పని. యంత్రాల హోరుకు ముప్పై దాటకముందే చెవులు పోయాయి. అందుకే వాళ్లిద్దరిలో బండి తోలేది ఆమె, వెనక నిలబడి చేత్తో దారి చూపేది ఆయన. మొన్నటి చలికాలం కాక, ఆ ముందటి చలికాలం ఫిబ్రవరిలో పోయాడు. ఆ సంగతి రెండు ముక్కల్లో చెప్పి, ఉలి మొన బొటనవేలితో తడిమి చూసుకుంది.

"పోయినేడు వాళ్లతోనే వచ్చాను. 'ఏడుస్తూ ఇంట్లో కూర్చోకు, పద' అంది కార్లా. మంచిదే, అనకపోతే రాకపోదును. ఇక్కడికొచ్చి నలభై రెండులోకి వెనక్కి తోలుతున్నా. డ్వేన్ వెనక నిలబడ్డాడు. అద్దంలో చూస్తూనే ఉన్నాను. పిడికిలి ఎత్తాడు."

"ఆగమని."

"నేను తొక్కాను."

వెండెల్ కప్పు కింద పెట్టాడు.

"కార్లా పరిచిన బల్ల, దాని మీద టిఫిను, అన్నీ నుజ్జు. డ్వేన్ పక్కకి దూకి పడ్డాడు. మణికట్టు విరిగింది. లేస్తూనే, అందరూ వింటుండగా, 'గుడ్డిదానివా? ఇన్నేళ్లూ తోలింది ఎల్డనా, నువ్వా?' అన్నాడు. నేను నోరెత్తలేదు. ఈ వసంతంలో కార్లా దగ్గర్నుంచి మెసేజీ: 'నా మోకాళ్లు బాలేవు, ఈ ఏడు ఎక్కడికీ వెళ్లట్లేదు, నువ్వూ ఇంటిపట్టున ఉండు బంగారం.' సరే అనుకున్నా. ఒక్కదాన్నే వచ్చా. సాయంత్రం మా పాత చోటు చూసొద్దామని నడిస్తే ముందు కనపడింది ఇదిగో, ఈ పలక. పదో ఏడు గుర్తుగా చలికాలమంతా కూర్చుని చెక్కి ఇచ్చా. పక్కన నలభై రెండులో ఎవరో కొత్త జంట. నలుగురూ పేకాడుకుంటూ ఒకటే నవ్వులు. కార్లా మోకాళ్లు మడుచుక్కూర్చుంది."

"పలకరించలేదా?"

"ఏమని? 'మోకాళ్లు బాగున్నాయి, కంగ్రాట్స్' అనా?"

వెండెల్‌కి ఒకటి మింగుడు పడలేదు. ఇరవై ఎనిమిదేళ్లు బస్సు తోలిన మనిషి అద్దంలో పిడికిలి చూసి కూడా ఎందుకు తొక్కింది? ఆమెకు కోపం తెప్పించకుండా అడగడం ఎలాగో తెలియక, చివరికి అలాగే అడిగేశాడు.

"ఎల్డన్ గోదాములో గోతి దగ్గర నిలబడేవాడు," అంది లవోన్. ఇప్పటిదాకా ఉన్న విసురు గొంతులోంచి పోయింది. "లారీలు వెనక్కి రావాలి, ధాన్యం గోతిలో పోయాలి. దుమ్ములో కళ్లు కనపడవు, హోరులో మాట వినపడదు. వాళ్ల గోదాములో ఒక పద్ధతి. పిడికిలి ఎత్తితే రమ్మని. అరచెయ్యి చూపిస్తే ఆగమని. పెళ్లయిన కొత్తలో తొలిసారి ట్రైలరు కొన్నప్పుడు నాకూ అదే నేర్పాడు. లోకమంతా పిడికిలి అంటే ఆగడమని నాకెలా తెలుస్తుంది? నా వెనక ఎప్పుడూ ఆయన తప్ప ఇంకొకడు నిలబడలేదు."

వెండెల్ గబుక్కున లేచి నిలబడ్డాడు. "ఈ ఒక్క మాట వాళ్లకి చెబితే అయిపోయేది కదమ్మా! మీ తప్పేం లేదు. నేనొచ్చి చెబుతా పదండి. మీ చోటు మీకు..."

"కూర్చో."

అతను కూర్చున్నాడు.

"చెబితే ఏమవుతుంది? తప్పు నాది కాదు, ఎల్డన్‌ది అవుతుంది. డ్వేన్ సంగతి నీకు తెలీదు. మా ఆయన పక్కన కూర్చునుండగానే చెవిటోడి జోకులు వేసేవాడు, వినపడదు కదాని. నేను విన్నాను. ఇది దొరికిందంటే ఇక ప్రతి రాత్రీ నెగడు ముందు ఇదే కథ. 'పాపం ఎల్డన్, పెళ్లానికి తిరగేసి నేర్పి పోయాడు.' ముసల్దానికి కళ్లు పోయాయి అనుకుంటున్నారా, అనుకోనీ. అది నేను మోస్తా. ఆయన్ని మాత్రం వాళ్ల నోళ్లలో పడనివ్వను."

దారి మలుపులోంచి గులాబీరంగు టోపీ ఒకటి కనబడింది. కార్లా. చేతిలో నీళ్ల సీసా, చకచకా నడక. పదిహేడో సైటు ముందుకొచ్చి ఠక్కున ఆగిపోయింది. ఆ ముఖంలో రంగు ఎలా మారిందో వెండెల్ చూశాడు.

"లవోన్! నువ్వు... ఇక్కడ! అయ్యో, నీకు ఫోన్ చేద్దామనే అనుకుంటున్నాం!"

"మోకాళ్లెలా ఉన్నాయి?"

"ఆఁ... ఇంజెక్షన్లిచ్చారు. చాలా నయం. ఆఖరి నిమిషంలో బయల్దేరాం, అదీ... డ్వేన్ చెయ్యి ఇంకా చలికి సలుపుతోంది, తెలుసుగా. నీకు కూడా ఇంత దూరం ఒక్కదానివే అంటే..." ఆమె చూపు ఒళ్లోని పలక మీద పడింది. అక్షరాలేవీ మిగలలేదు. తెల్లగా, నునుపుగా ఉంది. కార్లా ముఖం విప్పారింది. "అమ్మ నా బంగారం! అప్పుడే తెలిసిపోయిందా? మాది ఎవడో దొంగ వెధవ పీకేశాడు, నువ్వు మళ్లీ చెక్కుతున్నావా! నీలాంటిది ఇంకొకతె ఉండదే."

వెండెల్ ఏదో అనబోయాడు. లవోన్ ఉలి పిడితో కుర్చీ చేతిని ఒకసారి తట్టింది.

"ఒక్క పని చేస్తావా?" కార్లా ఊపిరి తీసుకుంది, గండం గడిచినదానిలా. "మాతో వచ్చిన హాలిస్ వాళ్లకి కూడా ఒకటి చెక్కి పెట్టవూ? మన పలక వాళ్లకి భలే నచ్చింది. 'నలభై రెండులో ఉన్నాం, మాకు లేదే' అని ఒకటే గోల. పైన్ చెక్క నేను కొనిస్తాలే."

గుమ్మం ముందు పొట్టును గాలి కాస్త కదిపింది. "పేర్లు రాసివ్వు," అంది లవోన్.

కార్లా నీళ్ల సీసా బల్ల మీద పెట్టి, సంచిలోంచి పెన్ను తీసి, చీటీ మీద రాసి, సీసా పక్కన పెట్టింది. సాయంత్రం పేకాటకు రమ్మంది. ఎన్నింటికో చెప్పలేదు. చకచకా నడుచుకుంటూ వెళ్లిపోయింది. సీసా మర్చిపోయింది.

"అమ్మా, వచ్చే ఏడు నలభై రెండు మీకోసం ఆపుతా," అన్నాడు వెండెల్. తన చేతిలో ఉన్నది అదొక్కటే. "ఎవరొచ్చినా ఇవ్వను."

"వద్దు. డెన్వరు అవతల ఒకాయన ట్రైలరు కొనడానికి చూస్తానన్నాడు. ఇవాళే తోలుకుపోతా. ఇచ్చేసి, ఊళ్లోకి బస్సెక్కుతా. డ్రైవరు వెనక సీట్లో." పలకను పైకెత్తి వెలుగులో తిప్పి చూసింది. అక్షరాలున్న చోట నీడలాంటి చిన్న పల్లం మిగిలింది. చిత్రిక అందుకుని ఇంకో నాలుగు సార్లు పట్టింది. ఇప్పుడది పోయింది. చీటీ తీసి మడిచి, ఆరిన పొయ్యిలో వేసింది.

"ఇదిగో. తీసుకెళ్లి నలభై ఒకటి ముందు పాతెయ్. పేర్లేవని అడిగితే, ఎవరొస్తే వాళ్లే రాసుకోమన్నానని చెప్పు. గోదాము సంగతి నీ నోట్లోంచి వచ్చిందో, ఈ ఉలి చూశావుగా."

"రాదు."

లవోన్ లేచి, కుర్చీ మడిచి ట్రైలర్లో పడేసింది. పికప్పు తలుపు తీసి, ఒక కాలు లోపల పెట్టి ఆగింది. వెనక దారి సన్నం. మలుపు దాకా వెనక్కే పోవాలి. ఎడమ పక్కన పెద్ద పైన్ చెట్టు, కుడి పక్కన ఎలుగులకు అందకుండా తిండి దాచే ఇనుప పెట్టె. అందుకే ముందుకే దూర్చి ఆపింది మొన్న. వెనక్కి తీయించే మనిషి లేడు.

వెండెల్ పలకను చంకలో పెట్టుకుని నిలబడ్డాడు, వెళ్లాలో ఉండాలో తెలియక.

"ఏం చూస్తావ్? ఆ పలక పక్కన పెట్టి, వెనక మలుపు దగ్గరికెళ్లి నిలబడు," అంది లవోన్, అద్దం సవరించుకుంటూ. "నా అద్దంలో నువ్వు కనపడాలి. చెట్టుకి మూరెడు దూరంలోకొస్తే అరచెయ్యి చూపించు, ఆగుతా. దారి బాగుంటే పిడికిలి ఎత్తు. తడబడకు అబ్బాయ్. గట్టిగా, పైకి ఎత్తు. వెళ్లు."