మంగళవారం అందిన నోటీసు

అది 1958. గుడివాడలో ఒక రైసు మిల్లులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఉత్తరాలు రాయటం, జీతాల పట్టీ వెయ్యటం, కూలీల తగాదాలు వినటం, ఓనరు గారి కోపం దిగేదాకా గుమ్మం దగ్గర నిలబడటం, ఇవన్నీ నా పనే. ఆ రోజుల్లో మా వైపు ఉద్యోగం మానేవాళ్లు చెప్పి మానటం తక్కువ. జీతాల రోజున కనిపించిన మనిషి మర్నాటి నుంచి కనిపించకపోతే, మానేశాడు కాబోలు అని మేమే అర్థం చేసుకునేవాళ్లం. నోటీసు అనేది కాగితం మీద రాసి పట్టుకొచ్చినవాణ్ణి మొదట చూసింది ఏసుదాసునే.

ఏసుదాసు మా బాయిలర్ అటెండెంట్. మా మిల్లు ఇంజను ఆవిరితో నడిచేది. ఆ ఆవిరి తయారయ్యే పెద్ద ఇనప పీపానే బాయిలరు. ఊక ఎగదోసి మంట పెట్టటం ఎవరైనా చేస్తారు. లోపల నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూపించే గాజు గొట్టం ఒకటి ఉంటుంది, గేజ్ గ్లాస్ అంటారు. దాని మీంచి చూపు తిప్పకుండా ఉండటమే అసలు పని. నీళ్లు మరీ తగ్గితే బాయిలరు పేలిపోతుంది. అందుకే పరీక్ష పాసై సర్టిఫికెట్టు తెచ్చుకున్నవాడు లేకుండా దాన్ని నడపకూడదు.

ఏసుదాసు గూడూరు దగ్గర పల్లెవాడు. ఆదివారం చర్చి, మిగతా రోజులు బాయిలరు, అంతే అతని లోకం. అతను పరీక్ష పాసైన రోజునే మా ఓనరు చలపతిరావు గారికి బెంగ పట్టుకుంది, ఇక వీడు ఎగిరిపోతాడని. బందరు వెళ్లి వకీలు చేత ఒప్పందం రాయించారు. మానాలంటే నెల ముందు రాసివ్వాలి. ఆ కాగితం ఓనరే స్వయంగా అందుకుని సంతకం పెట్టిన రోజు నుంచి నెల లెక్క. ఆ నెల నిండితేనే రిలీవింగ్ లెటర్, అంటే మా దగ్గర పని ముగించాడు, మాకు అభ్యంతరం లేదు అని మేమిచ్చే ఉత్తరం.

ఆ ఏడు ఏసుదాసుకి బెజవాడ లోకో షెడ్డులో ఉద్యోగం వచ్చింది. రైల్వే అంటే పింఛనూ, క్వార్టరూ. పైగా అతనికి వయసు హద్దు దాటిపోతోంది, ఇది జారిపోతే మళ్లీ ఆ గడప తొక్కనివ్వరు. చేరటానికి వాళ్లిచ్చిన గడువు నెల మీద నాలుగైదు రోజులు. రిలీవింగ్ లెటర్ లేకుండా చేర్చుకోరు. కబురు అందిన మర్నాడే కాగితం పట్టుకుని ఆఫీసు గదికి వచ్చాడు.

"ఏంట్రా అది?" అన్నారు చలపతిరావు గారు.

"నోటీసండి బాబుగారూ. రైల్వేలో వచ్చిందండి."

చాచిన చెయ్యి టక్కున వెనక్కి పోయింది. "సుబ్బారావూ, ఇవాళేం వారం?"

"మంగళవారమండి," అన్నాను.

"మంగళవారం పూట ఇలాంటివి ఎవడైనా అందుకుంటాడా? రేపు రా."

మర్నాడు వర్జ్యం అన్నారు. ఆ తర్వాతి రోజు దివిసీమలో పొలం చూసుకోవటానికి వెళ్లిపోయారు. శుక్రవారం పూట మనిషిని పంపిస్తే వాడి వెనకే లక్ష్మి కూడా పోతుందన్నారు. అది గడిచేసరికి అమావాస్య అడ్డొచ్చింది. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ధాన్యం లారీ గేటు దగ్గరికొస్తే ఆయనకి ఏ వర్జ్యమూ గుర్తుకొచ్చేది కాదు మరి!

"నేను చూడని పంచాంగం నా కొంప ముంచేట్టుందండి గుమాస్తా గారూ," అన్నాడు ఏసుదాసు దిగులుగా.

"ఆ పంచాంగంలో నీక్కూడా ఓ ముహూర్తం ఉండకపోదులేవయ్యా," అన్నాను, ఏదో ఊరడింపుకి.

నేను సరదాకన్న మాట అతను నిజంగా పట్టుకున్నాడు. అరటిపళ్లు తీసుకుని తిన్నగా మా ఓనరు గారి సిద్ధాంతి ఇంటికే వెళ్లాడు. అరుగు కింద నిలబడి, కొత్త ఉద్యోగానికి వెళ్లటానికి ఓనరు గారి దగ్గర సెలవు తీసుకోవాలి, మంచి ఘడియ చెప్పమన్నాడు. ఆయన నీ దేవుడెవరని అడగలేదు, గుణించి చెప్పాడు. ఆ పై వారం బుధవారం పొద్దున్న సరిగ్గా ఆ ఘడియకి పళ్లెంలో తమలపాకులు, పళ్లు, మధ్యన నోటీసు పెట్టుకుని ఏసుదాసు గుమ్మంలోకొచ్చాడు.

"ముహూర్తం మన సిద్ధాంతి గారే పెట్టారండి."

చలపతిరావు గారు పళ్లెం వంకా, గోడ గడియారం వంకా చూశారు. ఇక తప్పక కాగితం అందుకుని సంతకం పెట్టారు. అంతలోనే ఆయన మొహం విప్పారింది. "ఇవాళ్టి నుంచి నెలరా. ఆ నెల నిండేసరికి నీ రైలు వెళ్లిపోతుంది!"

నిజమే. గడువులో నెల పోను మిగిలిన ఆ నాలుగైదు రోజులూ వారాలకీ వర్జ్యాలకీ ఖర్చయిపోయాయి. ఏసుదాసు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒక దణ్ణం పెట్టి బాయిలరు వైపు వెళ్లిపోయాడు. నేను మనసులో నాలుగు తిట్లు తిట్టుకున్నాను. పైకి మాత్రం ఆ సంతకం మీద అద్దుడు కాగితం అద్దాను. ఉద్యోగం అలాంటిది.

ఎప్పుడో ఓసారి సాయంత్రం పూట మిల్లంతా చుట్టి రావటం ఓనరు గారి అలవాటు. ఆ రోజు సాయంత్రం ఆయన బయల్దేరితే వెనకే నేనూ వెళ్లాను. బాయిలరు దగ్గర సహాయకుడు సాంబయ్య ఉన్నాడు. కిందటేడు పరీక్ష పాసయ్యాడే కానీ ఒంటరిగా బాయిలరు ముట్టుకోవాలంటే హడలిపోయేవాడు. ఇప్పుడు గేజ్ గ్లాస్ ముందు అతనే నిలబడి నీళ్లు వదులుతున్నాడు. ఏసుదాసు దూరంగా చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నాడు.

"వాడి చేతికిచ్చావేంట్రా! పేల్చేస్తాడు!" అని అరిచారు చలపతిరావు గారు.

"పేల్చడండి. ఇన్నాళ్లూ వాడే నడుపుతున్నాడు గదండీ. నేను ఊరికే చూస్తన్నాను."

"ఎప్పట్నుంచి?"

"మీరు మంగళవారం అన్నారు చూడండి, ఆ రోజునుంచేనండి. కాగితం మీరు తీసుకోలేదు గానీ, ఎల్లిపోతానని నేను చెప్పేశాను గదండీ. చెప్పాక ఎనకవాడికి నేర్పకపోతే ఎట్టాగండి?"

చలపతిరావు గారు పక్కనున్న ఊక బస్తా మీద కూలబడ్డారు. కూలీలందరూ వింటూనే ఉన్నారు.

"నువ్వెళ్తుంటే నాకు భయంరా. మా నాన్న మిల్లులో బాయిలరు పేలినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నువ్వొచ్చాకే నాకు కంటినిండా నిద్ర."

"సాంబయ్య ఉన్నాడండి," అన్నాడు ఏసుదాసు.

ఆఫీసుకి తిరిగొచ్చాక ఓనరు గారు ఆ నోటీసు బయటికి తియ్యమన్నారు. "సుబ్బారావూ, నా సంతకం కింద తారీఖు కొట్టేసి, వాడు మొదటిసారి వచ్చిన రోజు వెయ్యి."

"అది మంగళవారమండి."

"అయితే ఏంటయ్యా? వాడు చెప్పిందీ ఆ రోజే, నేను విన్నదీ ఆ రోజే. వెయ్యి."

వేశాను. ఏసుదాసు గడువులోపే బెజవాడలో చేరాడు. సాంబయ్య ఆ బాయిలరు మీద చాలా ఏళ్లు చేశాడు.

తర్వాత నా చేతుల మీదుగా ఎన్నో నోటీసులు నడిచాయి. ఆ నెల రోజులు ఎందుకని కొత్తవాళ్లు అడిగితే ఏసుదాసు సంగతే చెప్పేవాణ్ణి. చివరికి నేనూ మిల్లు మానాల్సి వచ్చింది. నా నోటీసు కావాలనే ఓ మంగళవారం పట్టుకెళ్లాను. చలపతిరావు గారు వారం అడగలేదు. కాగితం అందుకుని, కళ్లజోడు పైకి తోసుకుని నావైపు చూశారు.

"నీ కుర్చీలో కూర్చోబోయేవాడికి నేర్పటం మొదలెట్టావా?" అన్నారు.