చచ్చిన మేకను కదిపిన రోజు

ఆ రోజు తప్పు నాది, మాట పడింది ఆయన. నరసరావుపేటలో మేం పాఠాలు చెప్పే కంప్యూటర్ సెంటర్‌లో ఆయన నాకు సీనియర్. హాజరు వేసేటప్పుడు నంబరు పిలిచి, తలెత్తి మనిషిని చూశాకే టిక్కు పెట్టేవారు.

మేం రాసిన పులి-మేక ఆట ప్రోగ్రాములోనూ అదే పద్ధతి. ఫంక్షనుకు మేక నంబరే ఇవ్వమనేవారు. ఆ మేక ఇంకా ఉందో లేదో చూసుకున్నాకే ఫంక్షను దాన్ని కదపాలి. నేను మాత్రం వేగం కోసం, ఆయనకు చెప్పకుండా, మెమరీలో మేక ఉన్న చోటును చూపే పాయింటరు ఇచ్చాను.

పిల్లల తల్లిదండ్రులకు ఆట చూపిస్తుండగా పులి ఒక మేకను తినేసింది. నా పాయింటరు మాత్రం మెమరీలో ఖాళీ అయిన ఆ చోటునే పట్టుకుని ఉంది. లేని మేకను కదపబోయి మిషన్ ఆగిపోయింది.

"ఏందయ్యా ఇది? చానా గొప్పగా చెప్పావుగా. రేపట్నుంచి రామాక," అన్నాడు ఓనరు ఆయనతో. నేను ఆయన వెనకే బయటికి నడిచాను.

మెట్లు దిగుతూ ఆయన నన్ను తిట్టలేదు. "చూసుకోకుండా తోలావా అబ్బాయ్," అన్నారు అలసటగా.

రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు ఓనరు దగ్గర తప్పు ఒప్పుకున్నాను. ఆయన్ని మళ్ళీ పిలిచాడు, నన్ను మానేయమన్నాడు. మానేసే ముందు ప్రతి ఫంక్షనునూ నంబర్లకు మార్చి, ఆట ఉన్న ఫ్లాపీ ఆయన చేతికిచ్చాను.