దండ చాటున ప్రశ్న

మీరు యంత్రానికి దండ వేస్తారా, దాని మాట వింటారా?

తొంభైల చివర్లో నారాయణఖేడ్‌లో నేను పండించిన కందులు అమ్ముకునే సేటు కొట్టుకు కంప్యూటర్ వచ్చింది. ఏ రైతు సరుకు ముందు తూచాలో అందులోని ప్రోగ్రామే నిర్ణయించేది. సేటు దానికి పూజ చేసి, తెర కింది భాగం కప్పేసేలా బంతిపూల దండ వేశాడు.

ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మింది. తూచిన సరుకే షెడ్డులోకి వెళ్తుంది. నాగల్‌గిద్ద ఊరి నుంచి వచ్చిన రైతు శివమ్మ కందులు బయటే ఉన్నాయి.

"సేటూ, వానొస్తుంది. నాయి జర ముందుగాల జోకు."

"వరుస కంప్యూటర్ జెప్పాలె. పూజ చేసినం, దాన్ని ముట్టొద్దు."

అకాల వాన ఆమె ఏడాది పంటను మురుగులోకి ఈడ్చుకుపోయింది.

వాన వెలిశాక నేను దండ తీశాను. 'ఏమైనా ఇబ్బంది ఉందా? వరుస మార్చాలా?' అని తెర అడుగుతోంది. అది చదివి వినిపించాను.

శివమ్మ తడి కందులు గుప్పిట్లో పట్టుకుని, "అడిగిందా బిడ్డా? గదన్నా అడిగిందా?" అంది.

మీ యంత్రాల మీది దండలు ఈరోజే తీసేయండి. అవి అడిగినదానికి మనుషులుగా జవాబు చెప్పండి.