వసంతంలో ఒహాగి

జపాన్‌లోని మత్సుయే ఊళ్లో బడిపిల్లలకు ముప్పై ఏళ్లు వండి వడ్డించిన మినెకో దగ్గర లెక్కంటే లెక్కే. మూడొందల గిన్నెల్లో ఒక్కటి తగ్గినా ఇట్టే పట్టేసేది. అలాంటి మనిషి నెల రోజులుగా మొగుణ్ణి దొంగచూపులు చూస్తోంది. పోస్ట్‌మాన్‌గా చేసి రిటైరైన తోకుజికి మతిమరుపు వచ్చిందని ఆవిడ భయం. కళ్లజోడు ఫ్రిజ్‌లో దొరికింది. కెటిల్ రెండుసార్లు మాడింది. ఇంట్లో ఉన్నది ఇద్దరే. తను చెయ్యలేదు కాబట్టి ఆయనే చేసుండాలి.

ఆ రోజు పెద్దలకు పెట్టుకునే రోజు. ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద పూసిన జిగురన్నం ఉండలు తేవాలి. అవే ఉండల్ని వసంతంలో బొతమోచి అంటారు, ఆకులు రాలే కాలంలో ఒహాగి అంటారు. రెండూ పువ్వుల పేర్లే, ఏ కాలంలో పూసే పువ్వు పేరు ఆ కాలానిది. ఈ కాలం పిల్లలు ఎలా పిలిచినా, పాతవాళ్ల నోట పేరు తప్పదు. కొట్లో ఆయన సరైన పేరు చెబితే సరే, లేదంటే రేపే ఆస్పత్రి అని మినెకో మనసులో పందెం వేసుకుంది.

మిఠాయి కొట్టావిడ హత్సుయో వాళ్లిద్దర్నీ చూసి ఏదో అనబోయి ఆగింది.

"మీరే చెప్పండి" అంది మినెకో మొగుడితో.

తోకుజి ఒకసారి భార్య వైపు చూశాడు. "ఒహాగి, ఆరు."

రేపే ఆస్పత్రి, అనుకుంది మినెకో. హత్సుయో పొట్లం కట్టింది.

దారిలో మినెకో ఇక ఉండబట్టలేకపోయింది. "ఇది ఏ కాలమండీ?"

"వసంతం."

"మరి ఒహాగి అన్నారేం? ఊరందరి చిరునామాలూ నోటికొచ్చిన మనిషికి ఈ మాత్రం గుర్తులేదా? రేపు డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే!"

"సరేలేవే, ఇద్దరం వెళదాం" అన్నాడు.

ఇంటికొచ్చి మినెకో, పెద్దలకు నైవేద్యం పెట్టే మందసం తలుపులు తీసింది. లోపల అదే కొట్టు పొట్లం, ఆరు ఉండలతో అప్పటికే ఉంది. దారం కింద చీటీ ఉంది. దాని మీద 'ఒహాగి, ఆరు' అని తన రాతే. పొద్దున తను కొట్టుకు వెళ్లినట్టు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"పొద్దునే చూశాను. నువ్వొక్కదానివే తప్పు చెప్పినట్టు ఉండకూడదనిపించింది" అన్నాడు తోకుజి వెనక నుంచి.

మినెకో ఉండలు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. రెండుసార్లూ పన్నెండే.

"రేపు ఆస్పత్రిలో నా చెయ్యి వదలకండి" అంది.