గోడలో ఎక్కిన తడి

గద్వాలలో జోగులమ్మ కాపురానికి వచ్చిన ఇల్లు మట్టిగోడల ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం. భర్త నాగప్ప ఆ గుంటలో కాళ్లు దించుకుని చీరలు నేసేవాడు. ఆమె పక్కన కూర్చుని నూలును కండెలకు చుట్టి అందించేది. పిల్లలు కలగలేదు. రోజంతా ఒకే గదిలో ఉన్నా వాళ్లిద్దరికీ మాటలు తరిగేవి కావు.

రెండేళ్ల కిందట ఇంటి వెనక మురుగు కాలువ పగిలి, నీళ్లు గోడ పక్కనే నిలవడం మొదలైంది. ఆ వానాకాలం మగ్గం పక్క గోడ అడుగున తడి కనిపించింది. వానలు వెలిసినా అది ఆరలేదు. ఒక కొస నీళ్లలో మునిగిన బట్ట మీదిదాకా తడిసినట్లు, చెమ్మ నేల నుంచి మోకాలెత్తుకు పాకింది. దాని అంచున ఉప్పు తెల్లగా పూసింది. సున్నం పొరలుగా రాలి మగ్గం మీది పడుగు దారాలపై పడేది. నాగప్పకు దగ్గు పట్టుకుంది.

"గిట్లనే ఉంటే నీ పాణం మీదికొస్తది. సిమెంటు కొట్టిద్దాం," అన్నది జోగులమ్మ.

"మా తాత కట్టిన గోడ. అదే ఆరుతది తియ్యి."

ఆమె ఊరుకోలేదు. మేస్త్రీ కురుమూర్తిని పిలిపించింది. లోపలా బయటా సిమెంటు పూత పడింది. గోడ నున్నగా, పొడిగా అయింది. నాగప్ప అరచేత్తో తడిమి చూసి, "నువ్వన్నట్టే అయినదే," అని నవ్వాడు. దగ్గు కూడా తగ్గింది.

మరుసటి వానాకాలం ముసురు పట్టి వదల్లేదు. ఒక పొద్దున కాస్త తెరిపి ఇవ్వగానే జోగులమ్మ పాలకు బయలుదేరింది.

"చాయ్‌ల జర అల్లం వెయ్యి," అన్నాడు నాగప్ప గుంటలోంచి.

వీధి మలుపు దాటకముందే వెనక ఏదో బరువుగా కూలిన చప్పుడైంది. ఆమె పరుగెత్తుకొచ్చేసరికి గోడ మగ్గం మీద పడి ఉంది. కాళ్లు గుంటలో ఉన్న మనిషి లేవలేకపోయాడు. వాడకట్టంతా కలిసి మట్టి తీశారు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

కర్మలయ్యాక, ఆ వానలకు కూలిన ఇళ్లను చూడడానికి ఒక ఇంజనీరు వచ్చాడు. కూలిన గోడ పెళ్ల ఒకటి తీసి విరిచాడు. పైన సిమెంటు గట్టిగా ఉంది. లోపల మట్టి ముద్దలా తడిసి ఉంది.

"ఇదేంది సార్? ఎండిందనే అనుకుంటిమి కద?" అన్నది జోగులమ్మ.

"మట్టిల కంటికి కనపడని సన్న సందులుంటయమ్మా. వత్తి నూనెను పీల్చినట్టు అవి నీళ్లను కిందికెల్లి పైకి గుంజుతయి. ఒట్టి గోడైతే ఆ తడి గాలికి కొంత ఆరుతది. సిమెంటుతోని మూసేస్తే బయటికి తోవ లేక ఇంకా మీదికెక్కుతది. అట్ల నానిన మట్టి బరువు మొయ్యలేక కూలుతది."

జోగులమ్మ ఆ తడి మట్టిని వేళ్లతో నలిపి చూసింది. తర్వాత, "సిమెంటు కొట్టియ్యకుంటే మా ఆయన బతికేటోడా?" అని అడిగింది.

ఇంజనీరు పెళ్లను కింద పెట్టాడు. "ఏమో అమ్మా, చెప్పలేను. ఆ కాలువను బాగుచేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు."

ఆ మాట నిజమే. అయినా ఆమెకు అందులో ఊరట దొరకలేదు.

మగ్గం విరిగిపోయింది. సగం నేసిన చీరలో ఎర్ర పట్టు అంచు రంగు దిగి, తడి నూలు పోగుల వెంట పాకి తెల్లటి ఒంటి భాగమంతా మరకలు చేసింది. కొనేవాళ్లెవరూ ఉండరని తెలిసినా జోగులమ్మ దాన్ని ఉతికి ఆరేసింది. ఎవరో పారేయమంటే కసురుకుంది.

ఇప్పుడామె మరిది సాయన్న ఇంట్లో ఉంటూ కండెలు చుడుతోంది. ఆ ఇంటిదీ మట్టిగోడే, దానికీ సిమెంటు పూతే. కొన్నాళ్లు ఆమె వాకిట్లోనే పడుకుంది. ఒకరోజు గడ్డపార తెచ్చి పూతను పొడవబోయింది. సాయన్న చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నువ్వొద్దు వదినా. నేను తీస్త. నువ్వట్ల అరుగు మీద కూసో."

పెచ్చు రాలినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడింది. కానీ లేచి పోలేదు. మధ్యాహ్నానికి లోపలి తడి మట్టి బయటపడి దానికి గాలి తగిలింది. ఎండకాలమంతా ఉంది కదా, ఆరుతదన్నాడు సాయన్న. జోగులమ్మ తల ఊపింది. నాగప్ప పోయాక ఆమె నోరు తెరిచి ఏడ్చింది అప్పుడే, దుమ్ము కొట్టుకుపోయిన మరిది పక్కన నిలబడి.