మూత మీద నలభై నిమిషాలు

ఆ ల్యాబులో అందరూ ఆయన్ని చాటుగా కాలుగాలిన పిల్లి అనేవారు. ఎదురుగా మాత్రం బాబాయ్. గాజుసామాను కడగడం, కణాలు పెరిగే పెట్టె ముప్ఫై ఏడు డిగ్రీల దగ్గర ఉందో లేదో చూడటం, నీళ్ళతొట్టిని నలభై రెండు దగ్గర నిలపడం ఇరవై రెండేళ్ళుగా ఆయన పని. థర్మామీటరు చెప్పినా సరే, వేలు ముంచి చూడనిదే మనసు కుదుటపడేది కాదు.

పరిశోధన చేసే అమ్మాయిని ఆయన డాక్టరమ్మ అంటాడు. ఆమె ఒక జత ప్లేట్లలోని కణాలను గంటసేపు ఆ తొట్టిలో ఉంచుతుంది. రెండో జత పెట్టెలోనే సుఖంగా ఉంటుంది. వేడి తగిలితే కణం ఎక్కువగా తయారుచేసే హీట్ షాక్ ప్రోటీన్ దేనిలో ఎంత ఉందో తర్వాత ఫిల్ము మీద నల్లగీతలు చెబుతాయి.

మంగళవారం ప్లేట్లకు టేపు చుడుతుంటే ఫోను మోగింది. లాండ్రీలో పనిచేసే భార్య.

"నీ కాంట్రాక్టు పొడిగింపు మీద పెద్దసారు సంతకం అయిందా? నాకిక్కడ చేతులాడటం లేదు."

"శనివారం అన్నారుగదే, ఊరికే ప్రాణం తీయకు" అంటూ వరండాలోకి వెళ్ళాడు. అటూ ఇటూ పచార్లు చేస్తూ మాటల్లో పడిపోయాడు.

నలభై నిమిషాలకు తిరిగొచ్చేసరికి, సుఖంగా ఉండాల్సిన జత తను వదిలేసిన చోటే, తొట్టి స్టీలు మూత మీద ఉంది. మూత తాకితే బాగా వేడిగా ఉంది. చప్పుడు చేయకుండా ప్లేట్లను పెట్టెలోకి చేర్చాడు.

గురువారం డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకు పట్టి, తల పట్టుకుంది.

"చూడు బాబాయ్, వేడి పెట్టనివాటిలోనూ ఎంత లావు గీతో! కణాలే చెడిపోయాయి. నిల్వంతా పారేయాలి."

ఆ కణాలు చనిపోయిన ఒక రోగివి. మళ్ళీ దొరికేవి కావు.

"అసలు గీతే ఉండకూడదామ్మా?"

"సన్నగా ఉంటుంది. మామూలప్పుడూ ఆ ప్రోటీన్లకు పనుంటుందిగా. కొత్తగా పుట్టిన ప్రోటీన్లు సరిగ్గా మడతపడేలా చూస్తాయి. వేడి తగిలితే మడతలు విడిపోయి అన్నీ చిక్కుపడతాయి. అప్పుడు కణం మిగతా పనులు తగ్గించుకుని వీటినే గుంపులుగా తయారుచేస్తుంది."

"మా ఆవిడ లాండ్రీలాగే. రోజూ మడతలకు ఇద్దరు చాలు. బట్టలు కుప్పపడితే కౌంటరు దగ్గరివాళ్ళను కూడా లాక్కొస్తారు."

"అంతే" అంటూ ఆమె నిల్వ ట్రే అందుకుంది.

ఆయన తలుపు దాకా వెళ్ళాడు, వెనక్కొచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. శనివారం ఎల్లుండే.

"ఆగమ్మా! తప్పు వాటిది కాదు, నాది." మూత సంగతంతా చెప్పేశాడు.

"రెండు రోజులు నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా బాబాయ్?"

"బెల్లం కాదమ్మా, భయం."

ఆమె ట్రేను లోపల పెట్టేసింది. ప్రయోగాల పుస్తకం తెరిచింది. "ఎవరు పెట్టారో కూడా రాయాలి. పెద్దసారు చదువుతారు."

"రాయండి."

శనివారం కొత్త ఫిల్ము వచ్చింది. సుఖంగా ఉన్న జత వరుసలో ఒక గీత, వెంట్రుకంత సన్నగా.

పెద్దసారు పుస్తకంలో ఆ పేజీ రెండుసార్లు చదివారు. బాబాయ్ గుమ్మం దగ్గర అటూ ఇటూ తిరిగాడు. చివరికి కాంట్రాక్టు కాగితం మీద సంతకం పడింది.

"ఇకమీదట ప్లేట్లు చేతిలో ఉంటే ఫోను బీరువాలో ఉండాలి."

"అలాగే సార్" అని బయటికొచ్చాడు. భార్యకు ఫోను చేద్దామని జేబులో చెయ్యి పెట్టి, ఆగాడు. ముందు తొట్టి దగ్గరికి నడిచి వేలు ముంచి చూసుకున్నాడు.