మంచి హస్తవాసి ఉన్నవాడు కొన్న ప్రాసెసర్

కంప్యూటర్ కొనాలి, మామూలు ప్రాసెసర్ మంచిదా, సర్వర్ ప్రాసెసర్ మంచిదా అని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అడిగినవాళ్ల తప్పేం లేదు. జవాబు చెబుతాను, విసుక్కోకుండా వివరంగానే చెబుతాను. చెబుతున్నంతసేపూ ఒక మనిషి మొహం కళ్ల ముందు కదులుతూ ఉంటుంది.

నాకొచ్చిన విద్య పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం. భవానీపురంలో ఒక మేడ మీది గది మా స్టూడియో. మా అంటే నాదీ, నా స్నేహితుడిదీ. ఇద్దరిదీ చల్లపల్లి పక్కన ఒకే ఊరు, ఒకే బడి. వాడు కెమెరా పట్టుకుని మండపాల్లో తిరిగేవాడు. వాడు తెచ్చినదాన్ని నేను గదిలో కూర్చుని కత్తిరించి అతికేవాణ్ని. పెళ్లివాళ్లతో మాట్లాడటం కూడా వాడిదే. నాకు మాటలు రావు, కోపం మాత్రం వస్తుంది.

వాడి చెయ్యి మంచిదని మా ఊళ్లో పేరు. వాళ్ల నాన్నకి అరెకరం లేకపోయినా, నారుమడిలో మొదటి గుప్పెడు విత్తనాలు చల్లడానికి వాణ్నే పిలిచేవాళ్లు. స్టూడియో పెట్టాక కూడా అదే అలవాటు సాగింది. కొత్త కెమెరా వచ్చినా, కొత్త లైటు వచ్చినా ముందు వాడే ముట్టుకోవాలి. ఒకసారి నేను స్వయంగా వెళ్లి హార్డ్ డిస్కు కొనుక్కొస్తే అది వారం తిరక్కుండానే పోయింది. ఆ తర్వాత స్టూడియోలోకి ఏ వస్తువు రావాలన్నా వాడి చేతుల మీదుగానే వచ్చేది. ఆ నియమం పెట్టింది వాడు కాదు, నేనే.

ఇప్పుడు పెళ్లిళ్లలో అందరికీ అదేరోజు వీడియో కావాలి. పొద్దున ముహూర్తమైతే సాయంత్రం రిసెప్షన్‌లో, పొద్దుటి పెళ్లే చిన్న సినిమాలా పెద్ద తెర మీద కనబడాలి. అది బాగా చేసే స్టూడియోకే పనులొస్తాయి. మా పాత కంప్యూటర్ కొత్త కెమెరాల వీడియోని మింగలేక ఆయాసపడేది. కొత్తది కొనకపోతే ఈ లైన్లో ఉండలేమని ఇద్దరికీ అర్థమైంది.

మాకు తెలిసిన కంప్యూటర్ షాపులో రెండు మిషన్లు పక్కపక్కన పెట్టించుకున్నాం. ఒకదాంట్లో ఇళ్లలో అందరూ వాడే రకం కొత్త ప్రాసెసర్. రెండోదాంట్లో ఏదో ఆఫీసులో కొన్నాళ్లు పనిచేసి బయటికొచ్చిన సర్వర్ ప్రాసెసర్. పరీక్షకి నేను పట్టుకెళ్లింది నా చెల్లెలి పెళ్లిలో తలంబ్రాల ముక్క. బియ్యం గింజలు వందలకొద్దీ ఒక్కసారి గాల్లోకి లేచి తలో దిక్కుకీ పడుతుంటే, కుదించి ఉన్న ఆ బొమ్మని విప్పి చూపించడం ఏ మిషన్‌కైనా కష్టం. ఆ ముక్కలో వాడూ ఉన్నాడు. మా చెల్లెలి పక్కన తలంబ్రాల పళ్లెం పట్టుకుని, పెళ్లికొడుకు మీద పోయడానికి దానికి దోసిళ్లు నింపి ఇస్తూ పగలబడి నవ్వుతుంటాడు.

సర్వర్ మిషన్‌లో తలంబ్రాలు పడేచోటికి రాగానే బొమ్మ బిగుసుకుపోయింది. కాసేపు అలాగే ఉండి, ఎక్కడికో దూకింది. మామూలు ప్రాసెసర్ మిషన్‌లో ఎటు లాగితే అటు కదిలింది. మొత్తం పెళ్లిని చివర్లో ఒక్క ఫైలుగా చేసేటప్పుడు మాత్రం సర్వర్‌దే పైచేయి.

ఎందుకలా అంటే, సర్వర్ ప్రాసెసర్‌లో పనివాళ్లు ఎక్కువ, కానీ ఒక్కొక్కడూ నిదానస్తుడు. నాట్లు వేయాలంటే అలాంటి మంది కావాలి. కాలువకి గండి పడిందని కబురు చెప్పడానికి మాత్రం పరిగెత్తగలవాడు ఒక్కడు కావాలి. ఎడిటింగ్‌లో వెనక్కీ ముందుకీ లాగి చూసుకోవడం ఆ పరుగు లాంటిది. పైగా మామూలు ప్రాసెసర్‌లో వీడియో విప్పడానికే ఒక భాగం లోపల ఉంటుంది, మేం చూసిన సర్వర్ రకంలో అది లేదు. దాని గొప్పలు దానికున్నాయి. దాని మెమరీ తన పొరపాటు తనే దిద్దుకుంటుంది, రోజుల తరబడి ఆపకుండా తిప్పినా అలసిపోదు. కానీ మాకు కావలసింది పరుగు. మామూలుదే కొందామని అక్కడే తేల్చుకున్నాం. వాడు నా భుజం మీద చరిచి, "నీ బుర్రే బుర్రరా" అన్నాడు.

కొనే రోజున నేను వెళ్లలేదు. ఎందుకు వెళ్తాను? నా చెయ్యి తగిలితే ఏమవుతుందో హార్డ్ డిస్కు చెప్పింది కదా. మంచి ఘడియ చూసుకుని వాణ్నొక్కణ్నే పంపాను.

మధ్యాహ్నానికి ఆటోలో కంప్యూటర్ దించాడు. టేబుల్ మీద పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి, కళ్లు మూసుకుని చాలాసేపు దణ్నం పెట్టుకున్నాడు. తర్వాత స్విచ్ నొక్కాడు. తెర మీద ప్రాసెసర్ పేరు చూసి నాకు మతిపోయింది.

"ఇదేంట్రా, సర్వర్ తెచ్చావు?"

"ఆలోచించాన్రా. షాపులో మనం చూసింది గేములాడుకునే పిల్లలకి. ఇది బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో తిప్పేది. కారింజనూ లారీ ఇంజనూ ఒకటేనా? ఆటోనగర్‌లో ఏ మెకానిక్‌నైనా అడుగు. పదేళ్లు తిరిగి చూడక్కర్లా."

"తలంబ్రాల దగ్గర ఆగిపోయిందిగా."

"అది షాపు మిషన్రా, ఎవడెవడో కెలికుంటాడు. నా చేత్తో ఆన్ చేశాను. ఆగదు."

ఆ చివరి మాటతో నేను చల్లబడ్డాను. నా కళ్లతో చూసినదాన్ని వాడి చేతి కోసం వదిలేసుకున్నాను. ఇంకెవరైనా అయితే ఆ మాటకి నవ్వి డబ్బా వెనక్కి పంపేవాళ్లు. మా ఊరివాణ్ని కాబట్టి బొట్టు పెట్టిన మిషన్ని తిప్పి పంపకూడదనుకున్నాను.

ఆగింది. రోజూ ఆగింది. నేను కరెంటుని అనుమానించి స్టెబిలైజర్ పెట్టించాను. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను. కెమెరా కార్డులు మార్చాను. చివరికి నా చేతినే అనుమానించుకుని మౌస్ ఎడమచేత్తో పట్టుకున్న రోజులున్నాయి. వీడియోలకి చిన్న సైజు కాపీలు చేసుకుని వాటి మీద పని చేసుకోవచ్చు, అది నాకూ తెలుసు. పెళ్లైన నెలకి ఇచ్చే పూర్తి వీడియోలు అలాగే నెట్టుకొచ్చాను. కానీ పొద్దున తీసింది సాయంత్రం చూపించాలంటే ఆ కాపీలు చేసుకునే వ్యవధి ఎక్కడిది?

శ్రావణంలో చల్లపల్లిలో ఒక పెద్ద పెళ్లి పడింది. మా ఊరికి బాగా కావలసిన కుటుంబం, వాళ్లమ్మాయి పెళ్లి. కావాలని మమ్మల్నే పిలిచారు. ఆ రోజు వాడు జ్వరమన్నాడు, కెమెరాలకి వేరేవాళ్లని పంపాడు. మండపం వెనక గదిలో మిషన్ పెట్టుకుని నేను పెనుగులాడుతూనే ఉన్నాను. జీలకర్ర బెల్లం దగ్గర నత్తలా నడిచింది, తలంబ్రాల దగ్గర పూర్తిగా మొరాయించింది. బయట మైకులో, ఇప్పుడు మన అమ్మాయి పెళ్లి వీడియో చూద్దాం అని ప్రకటించారు. తెర తెల్లగానే ఉంది. జనం కాసేపు దానివైపు చూసి, భోజనాలకి లేచారు.

పెళ్లికూతురి తండ్రి గదిలోకి వచ్చారు. అరిచినా బాగుండేది. "ఏంటి బాబూ, మీరైతే మనవాళ్లని నమ్మాం కదా" అని మాత్రం అన్నారు. ఆ ఒక్క మాటకే నాకు తలెత్తి నిలబడే ధైర్యం పోయింది.

ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి మాకు పిలుపుల్లేవు. దీపావళి వెళ్లాక వాడు గదికొచ్చి, "ఈ లైన్ మనకి అచ్చిరావట్లేదురా. మా బావమరిది ఎరువుల కొట్లో కూర్చుంటా" అన్నాడు. పాపం, నా చేతగానితనం వల్ల వాడి బతుకు కూడా పాడైందని నేను కుమిలిపోయాను. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుంటే ఏడ్చాను కూడా. ఇప్పుడు తలచుకుంటే నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

మాఘంలో అదే కుటుంబంలో అబ్బాయి పెళ్లి జరిగింది. మర్యాద కోసం నన్నూ పిలిచారు, మర్యాద కోసం నేనూ వెళ్లాను. అదే మండపం, అదే తెర. సాయంత్రమయ్యాక కాసేపటికి పొద్దుటి పెళ్లి తెర మీదికి వచ్చింది. చాలా బాగుంది. తలంబ్రాల్లో ఒక్కొక్క గింజ విడివిడిగా, ముత్యాల్లా జారింది. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో కొత్తవాళ్లు, ఎంత బాగా చేశారు, ఒక మాట చెప్పి వద్దామని వెనక గదిలోకి వెళ్లాను.

కుర్చీలో వాడున్నాడు.

నన్ను చూసి ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత, రోజూ అడిగినట్టే, "భోంచేశావా?" అన్నాడు.

టేబుల్ మీద మిషన్, దాని పక్కన పసుపు కుంకుమ. ముందుకెళ్లి మౌస్ నేనే అందుకున్నాను. వాడు అడ్డు చెప్పలేదు. తెర మీద ఒక మూల నా చెల్లెలి పెళ్లి ముక్క, నేను పెట్టిన పేరుతోనే ఉంది. నొక్కాను. గింజలు లేచాయి, పడ్డాయి, ఎక్కడా ఆగలేదు. పళ్లెం పట్టుకుని వాడు ఆపకుండా నవ్వాడు. ప్రాసెసర్ పేరు చూడక్కర్లేకుండానే అది ఏదో నాకు తెలిసిపోయింది.

"ఎప్పుడు కొన్నావు?"

"ఆరోజేరా."

"ఆరోజే అంటే?"

"నీ మిషన్ తెచ్చిన రోజే. రెండూ తీసుకున్నా. ఇది ఇంట్లో పెట్టా."

అంటే ఆటోలో వచ్చేటప్పుడే వాడికి అంతా తెలుసు. నేను స్టెబిలైజర్ పెట్టించిన రోజున తెలుసు, మౌస్ ఎడమచేత్తో పట్టుకున్న రోజున చూసి నవ్వాడు కూడా. జ్వరమన్న రోజున ఇంట్లో ఈ మిషన్ ముందు కూర్చుని నా పని నేర్చుకుంటూనే ఉండి ఉంటాడు. డబ్బు సంగతి నేను అడగలేదు, నా బాధ అది కాదు. కష్టపడి పోల్చి చూసి మంచిదేదో తేల్చింది నేను. ఆ మంచిదాన్ని వాడు ఇంటికి పట్టుకెళ్లి, పనికిరాదని తేలినదాన్ని బొట్టుపెట్టి నాకిచ్చాడు.

"చెబుదామనే అనుకున్నాన్రా. విడిపోదామంటే నువ్వు తట్టుకోలేవు. అయినా నీకదే సరిపోద్ది. నువ్వు నిదానంగా, ఓపిగ్గా చేసే రకం. నాకు పరుగుండాలి."

బడిలో ఉన్నప్పుడైతే ఆ మాటకి వాణ్ని కొట్టేవాణ్ని. అక్కడ కొట్టలేకపోయాను, బయట సన్నాయి వాయిస్తున్నారు. ఒక్కటి మాత్రం అడగాలనిపించింది.

"ఆరోజు కర్పూరం వెలిగించి అంతసేపు దణ్నం పెట్టుకున్నావే. ఏమని మొక్కుకున్నావు?"

వాడు తల దించుకోలేదు. నా కళ్లలోకే చూశాడు. కళ్లు నీళ్లతో నిండాయి.

"నీకు మంచి జరగాలనే మొక్కుకున్నాన్రా. మా అమ్మ మీద ఒట్టు."

నేను భోంచేయకుండా బస్సెక్కాను. ఆ సర్వర్ మిషన్ ఇంకా నా దగ్గరే ఉంది. పూర్తి పెళ్లిళ్లని ఫైళ్లుగా చేసే పని దానికి అప్పగించాను, ఎంత తిప్పినా ఆగకుండా చేస్తోంది. ఎడిటింగ్‌కి వేరేది కొన్నాను. ఈసారి నేనే వెళ్లి, నా చేత్తోనే స్విచ్ నొక్కాను. అది బాగానే నడుస్తోంది. వాడు ఒట్టి దొంగ, దొంగ దణ్నం పెట్టాడని అనుకోగలిగితే నాకు ఎప్పుడో నిద్ర పట్టేది. కానీ చిన్నప్పటి నుంచి వాణ్ని ఎరిగినవాణ్ని. వాడు అమ్మ మీద ఒట్టేసి అబద్ధం ఆడడు. ఆరోజు నిజంగానే నా కోసం మొక్కుకున్నాడు.